రచ్చబండ మాటకు గ్రంథరూపము

ఆంధ్రదేశపు పల్లెలలో పెరిగినవారికి రచ్చబండ యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. రావిచెట్టు నీడ, దాని క్రింద రాతిబండ, బండమీద పెద్దలు, చుట్టును నిలిచి వినువారు. వానరాకడ మొదలు వ్యాజ్యెముల వఱకు అచ్చట చర్చకు రాని విషయ ముండదు. పొలముగట్టు తగాదా తీఱినది అచ్చటనే; చెఱువుపూడిక తీయుటకు ఇంటి కొక మనిషి రావలెనని కట్టుబాటు చేసికొన్నది అచ్చటనే. కాని యా మాటలలో వ్రాత కెక్కినవి యెన్ని? కరణము తన దస్త్రమున వ్రాసికొన్న నాలుగు పంక్తులు నిలిచినవి. తక్కిన దంతయు విన్నవారితోనే పోయినది.

ఇరువదవ శతాబ్దపు చివఱిపాదమున లోకమునకు మఱియొక రచ్చబండ లభించెను. దానికి చెట్టు లేదు, బండ లేదు. వేలమైళ్ల దూరమున నున్నవారు కంప్యూటర్ల యెదుట కూర్చుండి యొకే విషయమును గూర్చి చర్చించుకొను వేదిక యది. అచ్చటివారు నోటితో గాక వ్రాతతోనే మాటలాడుదురు. కావున ఆ మాటలు చెడక నిలుచునని తొలుత పలువురు తలచిరి. ఆ తలంపు సరియైనది కాదని కాలము తెలిపెను. వ్రాసిన మాటయు మాయమగుచు వచ్చెను. దానిని వేదికనుండి వెలికితీసి, పత్రముగనో పుస్తకముగనో దాచుకొను సదుపాయము మెల్లమెల్లగ ఏర్పడెను. ఈ చరిత్ర గ్రంథాలయాభిమానులు తెలిసికొనదగినది. ఏలయన, పోవు మాటను పోనీయక పట్టి, అడిగినవాని చేతి కందించుటయే గ్రంథాలయముల పని.

తాటియాకునుండి కాగితమునకు

వ్రాత యెప్పుడును ఏదో యొక పాత్రలో నుండును. పాత్ర పగిలినచో వ్రాతయు ఒలికిపోవును. పగులకమునుపే పాత్రను మార్చినవాడు వ్రాతను కాపాడినవా డగును. ఆంధ్రులకు ఇది క్రొత్తపాఠము కాదు.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820 లో ఉద్యోగియై కడపకు వచ్చునప్పటికి తెలుగుకావ్యములలో అధికభాగము తాటియాకులమీదనే యుండెను. ఘంటముతో గీచి మసి పూసిన యా యాకులు చెమ్మకును పురుగులకును లొంగిపోవునవి. కొన్ని తరముల కొకమాఱు మఱల వ్రాసికొననిచో కావ్యము నశించును. మఱల వ్రాయునప్పుడు లేఖకుడు చేసిన తప్పు తరువాతి ప్రతులకెల్ల సంక్రమించును. బ్రౌను కడపలో బంగళా కొని, పండితులకు తన సొంతసొమ్ము జీతముగ నిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు పెక్కు తాళపత్రప్రతులు తెప్పించి, వానిని సరిపోల్పించి, కాగితముమీద శుద్ధప్రతులు వ్రాయించెను. ఆతడు కూర్చిన వేమనపద్యములు 1829 లో అచ్చుపడెను. ఆతని తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852 లో వెలువడెను.

బ్రౌను చేసిన పనిలో మూడు భాగములు కలవు. పాతపాత్రలోనుండి వ్రాతను వెలికితీయుట మొదటిది. అక్షరము చెడకుండ దానిని క్రొత్తపాత్రలోనికి మార్చుట రెండవది. నలుగురికి అందునట్లు ప్రతులు పెంచుట మూడవది. నేటి కంప్యూటరు పరిభాషలో “ఎగుమతి” యనబడునది యీ మూడు పనులకు కలిపి పెట్టిన పేరే. వేరుసెనగ నెగుమతి చేసినచో ఊరిలో గింజలు తఱుగును. వ్రాత నెగుమతి చేసినచో మూల మేమియు తఱుగదు. ప్రతి యొకటి పెరుగును. భేద మింతియే.

తంతిమీద నడచిన చర్చ

1979 లో అమెరికాదేశపు ఉత్తర కరోలినా రాష్ట్రమున డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులైన టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనువారు కంప్యూటర్ల నడుమ టెలిఫోను తంతిమీదుగ వార్తలు పంపు పద్ధతి నొకదానిని ఆలోచించిరి. 1980 లో అది డ్యూక్ విశ్వవిద్యాలయమునకును, పొరుగుననున్న చాపెల్ హిల్‌లోని విశ్వవిద్యాలయమునకును నడుమ నడువజొచ్చెను. దానికి యూజ్‌నెట్ అని పేరు.

దాని నడక సులువైనది. ఒకడు తన కంప్యూటరులో ఒక వార్త వ్రాయును. ఆ కంప్యూటరు పొరుగు కంప్యూటరునకు ఫోను చేసి తనయొద్ద చేరిన క్రొత్తవార్తలన్నియు దానికి ప్రతివ్రాసి యిచ్చును. అది తన పొరుగుదానికి ఇచ్చును. ఇట్లు చేయి మాఱుచు వార్త దేశమంతట ప్రాకును. ప్రతివార్తకును దానిదగు గుర్తుసంఖ్య యుండును. అది మఱియొక వార్తకు బదులైనచో ఆ మొదటివార్త సంఖ్యయు దానిమీద చేర్పబడును. ఏ మాట కేది బదులో ఈ సంఖ్యలే తెలుపును. వార్త యెట్లు వ్రాయబడవలెనో తెలుపు నియమావళి 1983 లో ప్రకటింపబడెను. ఈ చిన్న యేర్పాటు యొక్క విలువ ముందు తెలియగలదు.

ఆ కాలమున కంప్యూటరులో చోటు మిక్కిలి ఖరీదైనది. క్రొత్తవార్తలకు తావు కావలెను గనుక, ప్రతి కేంద్రమువారును పాతవార్తలను కొన్ని దినములకో వారములకో చెఱిపివేయుచుండిరి. ఆ చర్చలు భావికాలమున చరిత్ర కాగలవని తలచినవా రరుదు. సంత ముగిసిన పిమ్మట చావడి యూడ్చినట్లు ఊడ్చివేసిరి.

ఒకడు మాత్ర మూడ్వలేదు. కెనడాదేశమున టొరాంటో విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రశాఖలో కంప్యూటర్ల పని చూచుచుండిన హెన్రీ స్పెన్సర్ 1981 నుండి 1991 వఱకు తనయొద్దకు వచ్చిన వార్తలను అయస్కాంతపు టేపులకు ఎక్కించి దాచెను. అవి 141 టేపు లయ్యెను. వానిలో ఇంచుమించు 20 లక్షల వార్తలు కలవు. దాచినంతమాత్రమున పని ముగియలేదు. టేపు పాతబడుచుండును, దానిని చదువు యంత్రములు మూలపడుచుండును. ఆ టేపులను వెస్టరన్ అంటారియో విశ్వవిద్యాలయమున కొందఱు శ్రమించి, ఒక్కొక్కటిగ చదివించి, అందలి వార్తలను క్రొత్త కంప్యూటరులోనికి మార్చిరి. పిదప గూగుల్ సంస్థ అవియు, 1995 నుండి డేజా న్యూస్ అను సంస్థ కూర్చిన వార్తలును మొదలైనవి చేర్చి, 2001 డిసెంబరులో 20 సంవత్సరముల చర్చలను లోకమునకు తెఱచి యుంచెను. యూజ్‌నెట్ తొలిదశాబ్దపు మాటలు నేడు చదువ వీలగుచున్న దన్నచో అందులకు ప్రధానకారణము ఒక జంతుశాస్త్రశాఖలో నిలిచియున్న 141 టేపులే.

తెలుగుమాటకు కలిగిన చిక్కులు

అమెరికాలో నివసించు తెలుగువారు 1990ల దశకమున యూజ్‌నెట్‌లో తమకై యొక చర్చావేదిక నేర్పఱచుకొనిరి. సాహిత్యమును, సినిమాలును, వంటలును, ఇంటిబెంగయు అచ్చట చర్చకు వచ్చుచుండెను. కాని యా యంత్రము లెఱిగినది రోమనులిపి యొక్కటే. కావున తెలుగుమాటను రోమను అక్షరములతో వ్రాయు పద్ధతులు పుట్టెను. టెక్సస్ రాష్ట్రమందలి రైస్ విశ్వవిద్యాలయమున చదువుచుండిన తెలుగువారు ఏర్పఱచిన పద్ధతి వానిలో పేరెన్నిక గన్నది. అందు త, ద, న లకు చిన్న రోమను అక్షరములు. ట, డ, ణ లకు పెద్ద రోమను అక్షరములు. అట్లు వ్రాసినదానిని తెలుగులిపిలోనికి మార్చి అచ్చునకు అనువుగ నిచ్చు సాధనమును గూడ వారు సమకూర్చిరి. చర్చావేదికలోని తెలుగుమాటకు తెలుగు అక్షరములతో కాగిత మెక్కుటకు దొరికిన తొలిద్వారములలో అది యొకటి.

తరువాతి చిక్కు తెలుగు ఫాంటులతో వచ్చెను. ముద్రణకొఱకు చేసిన ఫాంటులలో రోమను అక్షరముల స్థానములయందే తెలుగు అక్షరముల ముక్కలు, అనగా తలకట్టులు, గుడులు, వత్తులు, అమర్పబడెను. ఏ ముక్క యేస్థానమున నుండవలెనో ఒక్కొక్క ఫాంటువారు ఒక్కొక్కరీతిగ నిర్ణయించుకొనిరి. ఆ ఫాంటు గల కంప్యూటరులో చక్కని తెలుగు కనబడును. లేని కంప్యూటరులో అర్థము లేని రోమను గుర్తుల గుంపు కనబడును. ఒక ఫాంటుతో వ్రాసినది మఱియొక ఫాంటుతో చదువరాదు. ఒక్కొక్క యింటివారు ఒక్కొక్క తూనికఱాయి పెట్టుకొన్న సంతవలె నుండెను ఆనాటి తెలుగు.

ఈ యవ్యవస్థను తొలగించుటకు భారతదేశమున “ఇస్కీ” యను ప్రమాణము 1988 లో రూపొంది, 1991 లో భారతీయ ప్రమాణముగ స్థిరపడెను. అదే 1991 లో ప్రపంచభాషల కెల్ల ఒకే సంఖ్యాపట్టిక యను సంకల్పముతో యూనికోడు తొలికూర్పు వెలువడెను. అందు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడెను. ఇది అక్షరపు రూపమునకు గాక అక్షరమునకే సంఖ్య నిచ్చు పద్ధతి. “క” యన్నచో ఏ దేశమున, ఏ యంత్రమున నైనను ఒకే సంఖ్య. 2001 లో వెలువడిన విండోస్ ఎక్స్‌పి తో “గౌతమి” యను తెలుగు యూనికోడు ఫాంటు వచ్చుటతో సామాన్యుల కంప్యూటరులలోను ఈ పద్ధతి అడుగిడెను. అటుపిమ్మట వ్రాసిన తెలుగును వెదకుటయు, వెలికితీయుటయు, వేఱొక రూపమునకు మార్చుటయు సాధ్యమయ్యెను. ఎగుమతి వాకిలి తెఱచునంతలో సరిపోదు. ఆవలివాడు చదువగల అక్షరము ముందుండవలెనని ఈ దశ బోధించెను.

పుట కనబడును గాని పుట లేదు

1990ల చివరినుండి చర్చావేదికలు నేరుగా ఇంటర్నెట్టు పుటలలోనికి వచ్చెను. 2000 లో పుట్టిన పి.హెచ్.పి.బి.బి. వంటి సాఫ్టువేరు నెవరైనను ఉచితముగ తీసికొని తమ వేదికను తామే నెలకొల్పుకొనగలిగిరి. సాగు చేయువారు, వైద్యము కోరువారు, యంత్రములు బాగుచేయువారు, కవిత్వము వ్రాయువారు—ఎవరి వేదిక వారిది. యూజ్‌నెట్‌లో ప్రతివార్తయు వేర్వేఱు యంత్రములలో ప్రతులుగ నుండెను. ఈ క్రొత్తవేదికలలో సర్వమును ఒకే యజమాని యంత్రమున నుండెను.

వీని నిర్మాణము తెలిసికొనదగినది. ఇట్టి వేదికలో పాఠకుడు చూచు పుట సాధారణముగ ఎచ్చటను పుటగా దాచియుండదు. సాఫ్టువేరు లోపల ఒక పెద్ద ఆవర్జా యుండును. ఒక్కొక్క మాటయు అందొక వరుస: వ్రాసినవాని గుర్తు, వ్రాసిన దినము, గంట, ఏ చర్చకు చెందినది, మాట. పాఠకు డడిగినప్పుడు యంత్రము ఆయా వరుసలను ఏరి, పేర్చి, రంగులు దిద్ది, ఒక పుటగా చూపును. పాఠకుడు మరలిపోగానే ఆ పుట చెదరిపోవును. కరణము అడిగినవారికి అడంగలు నకలు వ్రాసి చూపి మఱల చింపివేసినట్లు. నకలు చేతి కీయనంతవఱకు చూచినవానియొద్ద కాగిత మేదియు మిగులదు.

కావుననే ఇట్టి చర్చను దాచుకొనదలచినవా డిబ్బంది పడెను. తెఱమీది పుటను అచ్చువేయబోయినచో, రెండువందల మాటలుగల చర్చలో ఇరువది మాటలే వచ్చును. తక్కినవి తరువాతి పుటలలో నుండును. మాటలతోపాటు ప్రకటనలును, మీటలును, ప్రక్కపట్టికలును అచ్చుపడును. సాఫ్టువేరు చేయువారు దీనిని గుర్తించి, ముందుగా “అచ్చునకు అనువైన పుట” యను మీట నొకదానిని చేర్చిరి. చర్చనంతయు ఒకే పత్రముగ ఎగుమతి చేయు ఏర్పాట్లు దాని తరువాతి మెట్టు.

ఇందొక కష్టము కలదు. చర్చ చెట్టువంటిది, ఒక మాటకు ముగ్గురు బదులు చెప్పుదురు, అందొకదానికి మఱి యిద్దఱు. పత్రము త్రాటివంటిది, మొదటినుండి చివఱకు ఒకే వరుస. చెట్టును త్రాడుగ మార్చుట యెట్లు? కాలక్రమమున పేర్చినచో ఏ బదు లెవరికో తెలియదు. కొమ్మవెంట కొమ్మగ పేర్చినచో నేడు వ్రాసిన మాట నిన్నటి మాటకంటె ముందు వచ్చును. కనుక మంచి ఎగుమతిలో ఏదో యొక క్రమము నెన్నుకొని, ప్రతిమాటకును సంఖ్యయు, వ్రాసిన దినమును, అది యే సంఖ్యకు బదులో ఆ గుర్తును తప్పక చేర్చుదురు. 1983 నాటి నియమావళిలోని గుర్తుసంఖ్యల విలువ ఇచ్చట తెలియుచున్నది. అవి యుండబట్టియే టేపులనుండి తీసిన 20 లక్షల వార్తలలో ఏది ప్రశ్నయో ఏది సమాధానమో చెప్ప వీలైనది.

ఎగుమతి ద్వారములు

వెలికితీసిన చర్చను ఏ రూపమున దాచవలెను? అనుభవముమీద నాలుగు రూపములు ముఖ్యముగ నిలిచినవి.

మొదటిది వట్టి అక్షరపత్రము. అందు బొమ్మలుండవు, అలంకారము లుండవు, అక్షరములు మాత్రమే. చూపునకు బీదది, ఆయువునకు గొప్పది. 1963 లో స్థిరపడిన ఆస్కీ ప్రమాణముతో వ్రాసిన రోమనుపత్రము నేటి యంత్రములోను చదువవచ్చును. యూనికోడు వచ్చిన తరువాత తెలుగునకును ఆ భాగ్యము కలిగెను.

రెండవది దిద్దుకొనుటకు వీలైన పత్రము. మూటకట్టిన చర్చలోనుండి పునరుక్తులు తీసి, తప్పులు సవరించి, వ్యాసముగ మార్చదలచినవారికి ఇది కావలెను. 2006 లో అంతర్జాతీయ ప్రమాణమైన ఓపెన్ డాక్యుమెంట్ రూపము ఏ యొక్క సంస్థ సొత్తును గాక అందఱికి తెఱచియున్నది.

మూడవది పి.డి.ఎఫ్. అడోబ్ సంస్థను స్థాపించినవారిలో నొకడైన జాన్ వార్నాక్ 1991 లో ఒక సంకల్పము వ్రాసెను: ఏ యంత్రమున తయారైన పత్రమైనను వేఱే యంత్రమున తెఱచినప్పుడు అదే రూపమున కనబడవలెను. 1993 లో పి.డి.ఎఫ్. ఆ సంకల్పమునకు రూప మిచ్చెను. 2008 లో అది అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. అంతకుమునుపే, 2005 లో, దీర్ఘకాలము దాచదలచిన పత్రములకై దానిలో పి.డి.ఎఫ్./ఏ యను ప్రత్యేకశాఖ ఏర్పడెను. పత్రమునకు కావలసిన ఫాంటులన్నియు పత్రములోనే యుండవలెననునది దాని ముఖ్యనియమము. ప్రయాణమునకు పోవువాడు సత్తుముంతయు సత్తుపిడియు మూటలోనే పెట్టుకొన్నట్లు.

నాలుగవది ఈపబ్. 2007 లో వెలువడిన యీ రూపమున పుటకొలత స్థిరముగ నుండదు. చేతిలోని చిన్నపరికరమునకు తగినట్లు పంక్తులు తామే సర్దుకొనును.

ఇన్ని రూపములకు ఒకదానినుండి మఱియొకదానికి వేర్వేఱు మార్గములు వేయుట పెద్దపని. పది రూపములనుండి పది రూపములకు నూఱు మార్గములు కావలెను. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయ తత్త్వశాస్త్రాచార్యుడైన జాన్ మాక్‌ఫార్లేన్ 2006 లో పాన్‌డాక్ అను సాఫ్టువేరును వెలువరించెను. అది యేరూపములో నున్న వ్రాతనైనను ముందుగా ఒక మధ్యరూపమునకు తెచ్చి, పిదప కోరిన రూపమునకు మార్చును. కావున పది రాకదారులును పది పోకదారులును ఇరువది మార్గములే చాలును. నాలుగూళ్ల సరకు ఒక సంతకు చేరి, అచ్చటనుండి నాలుగూళ్లకు పోవు విధమే యిది. అది ఉచితముగ లభించుటచే, తమ సాఫ్టువేరునకు ఎగుమతి ద్వారములు చేర్పదలచినవారికి గొప్ప యాసరా కలిగెను.

తెలుగున కిచ్చటను ఒక మెలిక తప్పలేదు. “లక్ష్మి” యను మాటను తీసికొనుడు. యూనికోడులో అది ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి యను ఏడు గుర్తుల వరుస. గుడి “మ” తరువాత వ్రాయబడినను కంటికి “క్ష” నెత్తిన కనబడును. “మ” క్రిందికి దిగి వత్తగును. ఈ కూర్పు నెఱుగని ఎగుమతి సాధనములు గుడిని ఒకచోట, వత్తు నొకచోట పడవేసినవి. వికీపీడియా వ్యాసములను పి.డి.ఎఫ్.గ దింపుకొను ఏర్పాటు తొలుత వచ్చినప్పుడు భారతీయ భాషల కిట్టి యవస్థయే కలిగెను. తరువాత ఇంటర్నెట్టు పుటలను చూపు యంత్రాంగముతోనే పత్రమును తయారుచేయు పద్ధతి వచ్చి అక్షరము కుదుటబడెను. ఐనను, చూచుటకు చక్కగనున్న తెలుగు పి.డి.ఎఫ్. నుండి ఒక వాక్యమును మఱల తీయబోయినచో అక్షరములు చెదరి వచ్చుట తఱచుగ జరుగును. కావున వివేకవంతులు పి.డి.ఎఫ్. ప్రక్కనే వట్టి అక్షరపత్రమును గూడ దాచుదురు. ఒకటి పటము, రెండవది విత్తనము.

మూతబడిన వాకిలి

ఎగుమతి యవసర మెంతటిదో 2019 లో పలువురికి తెలిసివచ్చెను. యాహూ సంస్థవారి “గ్రూప్స్” అనునది 2001 నుండి పేరొందిన చర్చావేదిక. తెలుగుసాహిత్యప్రియులును అచ్చట “రచ్చబండ” యను పేరుతోనే ఒక వేదికను నడపిరి. 2019 అక్టోబరులో ఆ సంస్థ ఒక ప్రకటన చేసెను: ఆ నెల చివరనుండి క్రొత్తగ నేమియు చేర్పరాదు, డిసెంబరు 14 తరువాత దాచియున్న సందేశములు, పటములు, పత్రములు తొలగింపబడును. ఇంచుమించు రెండుదశాబ్దముల మాటలను రెండునెలలలో ఖాళీ చేయవలసి వచ్చెను.

గగ్గోలు పుట్టెను. తమ సమాచారమును మూటగ కోరువారికి 2020 జనవరి 31 వఱకు గడు వీయబడెను. ఆర్కైవ్ టీమ్ అను స్వచ్ఛందసేవకుల బృందము రేయింబవళ్లు శ్రమించి అందినంత మేర ప్రతులు తీసెను. ముందుగనే తమ చర్చలను దింపి దాచుకొన్నవారు నిశ్చింతగ నుండిరి. వేదికను నడపినవారు గతించినవియు, మఱచిపోయినవియు అడుగువారు లేక పోయెను. 2020 డిసెంబరు 15 న యాహూ గ్రూప్స్ పూర్తిగ మూతబడెను. అద్దెయిల్లు ఖాళీ చేయునప్పుడు సామాను తెచ్చుకొనుటకు బండి ముందే కుదుర్చుకొనవలెనని సంసారులెఱుగుదురు. మాటల సామానునకును అంతే.

ప్రభుత్వములును ఈ సంగతిని గుర్తింపకపోలేదు. 2018 మే 25 నుండి ఐరోపా సమాజమున అమలులోనికి వచ్చిన సమాచారరక్షణ చట్టము, తాను ఇచ్చిన సొంత సమాచారమును యంత్రములు చదువగల రూపమున తిరిగి పొందు హక్కును ప్రతివ్యక్తికి నిర్దిష్టపరిస్థితులలో నొసగెను. అంతవఱకు సాఫ్టువేరు చేయువారి యిష్టముమీద నుండిన ద్వారము, అచ్చట చట్టము కోరు ద్వారమయ్యెను.

ఏది తీయవచ్చును, ఏది తీయరాదు

ఐనను తీయగలిగినదెల్ల తీసి పంచవచ్చునని తలపరాదు. రచ్చబండమీద పదిమంది యెదుట ఆడిన మాటకును అచ్చులో శాశ్వతముగ నిలుచు మాటకును భేదము కలదు. కోపమున అని మఱునాడు వెనుకకు తీసికొన్న మాట, తన జబ్బును గూర్చి సలహా కోరుచు వ్రాసిన మాట, ఇంటిగుట్టు చెప్పుకొన్న మాట—ఇవి పత్రముగ మాఱి ఊరూర తిరిగినచో చెప్పినవానికి కీడు కలుగును. వ్రాసినవాడు తొలగించిన మాట ముందుగ ఎగుమతియైన ప్రతిలో నిలిచియే యుండును. ఇది యెగుమతి యొక్క బలమును, దోషమును కూడ. కావున మంచి సాఫ్టువేరులో ఎవరు దేనిని తీసికొనవచ్చునో నియమ ముండవలెను: తన మాటలు తాను తీసికొనుట, బహిరంగచర్చను ఎవరైనను తీసికొనుట, ఆంతరంగికచర్చను అందలివారు మాత్రమే తీసికొనుట.

తీసిన పత్రమున ఉండదగిన వానిలో ముఖ్యమైనవి మూల మెచ్చటిదో తెలుపు గుర్తు, తీసిన దినము, ప్రతిమాట వ్రాసిన దినము, జతచేసిన పటములు. ఇవి లేని పత్రము ముఖపత్రము చినిగిన పుస్తకము వంటిది. చదువవచ్చును, నమ్ముట కష్టము.

గ్రంథాలయము చేయదగిన పని

వేదికలు వచ్చును, పోవును. యూజ్‌నెట్ క్రొత్తవార్తలకు 2024 ఫిబ్రవరిలో గూగుల్ గ్రూప్స్ కూడ తన వాకిలి మూసి, పాతవార్తలను మాత్రము చదువనిచ్చుచున్నది. ఎంతపెద్ద సంస్థయైనను తనయొద్దనున్న మాటలను ఎల్లకాలము కాపాడునని నమ్మి కూర్చుండుట తగదని ఈ చరిత్ర యంతయు చాటుచున్నది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమువారు 1999 లో మొదలిడిన యొక పథకమునకు ప్రతులు పెక్కుండుటయే రక్ష యను అర్థము వచ్చు పేరు పెట్టిరి. తాళపత్రముల కాలమునుండి ఆంధ్రపండితులు పాటించినదియు ఆ సూత్రమే. ఒకే యింట ఒకే ప్రతిగ నున్న కావ్యము ఒక్క వానకారుతో పోయినది. పది యిండ్లలో పదిప్రతులుగ నున్నది బ్రౌనుచేతికి అందినది.

పల్లె గ్రంథాలయములు ఈ పనికి దూరము కావు. నేడు ఊరివారు ఎచ్చటెచ్చటనో యున్నారు. ఒకరు హైదరాబాదున, ఒకరు ఖండాంతరమున. ఊరి జాతర, బడి, చెఱువు, పాతపెద్దల ముచ్చటలు వారు చరవాణిలోని వేదికలమీద చర్చించుకొనుచున్నారు. ఊరి చరిత్రకు ఆధారములు కాదగిన మాటలు ఆ వేదికలలో పడి కొట్టుకొనిపోవుచున్నవి. సంవత్సరమున కొకమాఱైనను వానిలో నిలువదగినవానిని, వ్రాసినవారి సమ్మతితో, యూనికోడు అక్షరపత్రముగను పి.డి.ఎఫ్.గను వెలికితీసి, ఒకప్రతి కాగితముమీద అచ్చువేసి జిల్దు కట్టించి, పట్టికకెక్కించి బీరువాలో నుంచుట గ్రంథాలయమునకు మించిన పని కాదు. ఖర్చు స్వల్పము, కావలసినది శ్రద్ధ.

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయము ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడినది. రాబోవు ఇరువదియైదేండ్లలో, పుస్తకము కాకమునుపే చెదరిపోవు మాటలను గూడ పట్టి కాపాడుట దాని బాధ్యత కాగలదు. టొరాంటోలో టేపులు దాచినవానికిని, కడపలో తాటియాకులు చేర్చినవానికిని ఒకే గుణము సమానము: ఇతరులు ఊడ్చివేయు చున్నదానిని వారు చీపురుకు ముందు చేరి యెత్తుకొనిరి. అట్టి చేతులు ప్రతి గ్రంథాలయమునను ఉండుగాక.